తెలుగు మీదుగా జపనీస్ వాక్యం: ఎక్కడ అతుకుతుంది, ఎక్కడ ఊడిపోతుంది

జపనీస్ నేర్చుకునే తెలుగువాళ్ళు ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకంతోనే మొదలుపెడతారు. ఆ పుస్తకం రాసింది ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడేవాళ్ళ కోసం. క్రియ వాక్యం చివరికి వస్తుందని, 'కి', 'లో', 'నుంచి' లాంటివి నామవాచకం వెనక తగులుకుంటాయని నమ్మించడానికే అందులో మొదటి పాఠాలన్నీ ఖర్చయిపోతాయి. మనకు అది చెప్పక్కర్లేదు. అందుకే నేను ఇంగ్లీషును మధ్యలోంచి తీసేశాను. జపనీస్ వాక్యం కింద నేరుగా తెలుగు వాక్యం రాయడం, తెలుగు వాక్యాన్ని నేరుగా జపనీస్‌లోకి మార్చడం. అలా వెళ్తే ఏ క్రమంలో వెళ్ళాలో, తెలుగు ఎంతవరకు సాయం చేస్తుందో, ఏ మలుపులో మోసం చేస్తుందో ఇక్కడ రాస్తున్నాను. జేఎల్‌పీటీ అనే జపనీస్ ప్రావీణ్య పరీక్షలో కింది రెండు మెట్లయిన ఎన్5, ఎన్4 స్థాయి వ్యాకరణం వరకే. కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల జోలికి పోవడం లేదు.

ఒకటి ముందే తేల్చుకుందాం. పోలికలు ఇన్ని ఉన్నాయి కాబట్టి రెండు భాషలూ చుట్టాలేమో అనిపిస్తుంది. సుసుము ఓనో అనే జపాన్ భాషావేత్త తమిళానికీ జపనీస్‌కీ బంధుత్వం కట్టాడు కూడా. భాషా చరిత్ర చదివినవాళ్ళలో చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. పోలికకు బంధుత్వం అవసరం లేదు. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే భాషావేత్త 30 భాషలను పక్కపక్కన పెట్టి చూసి, క్రియ చివర వచ్చే భాషల్లో విభక్తులు దాదాపు ఎప్పుడూ నామం వెనకే ఉంటాయని చూపించాడు. క్రియ చివరికి చేరిందంటే మిగతా సరంజామా చాలావరకు దాని వెంటే వచ్చేస్తుంది. కొరియన్, టర్కిష్ వాక్యాలు కూడా మనకు అందుకే పరిచయమైనట్టు తోస్తాయి.

ఉచ్చారణ గురించి రెండు ముక్కలు చాలు. జపనీస్‌ను రోమన్ లిపిలో కాకుండా తెలుగు లిపిలో రాసుకోండి. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు మన లిపిలో తేటగా పడతాయి. 'ఒబసన్' అంటే అత్త లేదా పిన్ని, 'ఒబాసన్' అంటే అమ్మమ్మ లేదా నానమ్మ. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే కోసి. ఎ-ఏ, ఒ-ఓ తేడా మనకు ఉంది కాబట్టి ఇవి చెవికి వెంటనే దొరుకుతాయి. 'త్సు' కూడా పెద్ద కష్టం కాదు, 'చుట్టం' అనేటప్పుడు నాలుక పళ్ళకు తగిలే ఆ చ దగ్గరే ఉంటుంది.

ఇక పద్ధతి. నోట్సులో ఒక్కో వాక్యానికి మూడు వరుసలు. మొదటి వరుసలో మీరు నోటితో అనే తెలుగు వాక్యం. పుస్తక భాష వద్దు, ఇంట్లో ఎలా అంటారో అలాగే. రెండో వరుసలో దాన్నే విరగ్గొట్టి రాయాలి: నామం, విభక్తి, ధాతువు, ధాతువుకు తగిలినవన్నీ విడివిడిగా. క్రియ చివర ఉండే ను, వు, డు, ది లాంటి పురుష ప్రత్యయాన్ని సున్నా చుట్టండి. జపనీస్ క్రియకు అవి లేవు. 'తబెమస్' అంటే తింటాను, తింటావు, తింటాడు, తింటారు, అన్నీ అదే. అందుకని సున్నా చుట్టిన సమాచారం జపనీస్‌లో మరో దారిలో చెప్పాలా, వదిలేస్తే సరిపోతుందా అని ప్రతి వాక్యంలోనూ అడుక్కోవాలి. మూడో వరుస జపనీస్. తప్పుల్లో పెద్ద భాగం రెండో వరుసను ఎగ్గొట్టినప్పుడే వస్తాయి.

మొదట పట్టుకోవాల్సింది విభక్తులు. డుమువులు ప్రథమా విభక్తి అని బళ్ళో వల్లించిన పట్టిక పక్కన జపనీస్ ప్రత్యయాలు పెట్టుకోవచ్చు. ని, ను అన్న చోట 'ఒ'. కి, కు అన్న చోట 'ని'. తో అన్న చోట సాధనమైతే 'దె', మనిషి తోడైతే 'తొ'. నుంచి 'కర', దాకా 'మదె', కంటే 'యొరి'. యొక్క అన్న చోట 'నొ', కాకపోతే మనం 'రాము పుస్తకం' అని ఊరుకుంటే వాళ్ళు 'రాము నొ హొన్' అని తప్పనిసరిగా పెడతారు. ఇందులో ఒక చిక్కు ఉంది. జపనీస్ 'ని' మన కి, కులకు దగ్గర, మన 'ని' ద్వితీయ. మొదటి వారాల్లో నోరు తిరగబడుతుంది. 'హొన్ ని యొమిమస్' అని మొదలుపెట్టేవాళ్ళు తెలుగువాళ్ళే అయి ఉంటారు. పుస్తకం చదువుతాననడానికి 'హొన్ ఒ యొమిమస్' అనాలి. పైగా ప్రాణం లేని కర్మకు మనం ద్వితీయ పెట్టం కాబట్టి అసలు 'ఒ' పెట్టడమే మరిచిపోతారు. మాటల్లో అది జారిపోయినా ఫర్వాలేదు. రాతలో, పరీక్షలో ఉండాలి.

పట్టిక సరిగ్గా పనిచేయనిది 'లో' దగ్గర. తెలుగులో 'లో' ఒక్కటే. జపనీస్‌లో రెండు. 'హైదరాబాదులో ఉంటున్నాను' అనడానికి 'హైదెరబాదొ ని సుందె ఇమస్', 'హైదరాబాదులో పనిచేస్తున్నాను' అనడానికి 'హైదెరబాదొ దె హతరైతె ఇమస్'. ఉండటం, నివసించడం అయితే 'ని'. అక్కడ ఏదైనా పని జరిగితే 'దె'. ఈ సూత్రం పుస్తకాల్లో ఉంటుంది, అందరూ నేర్చుకుంటారు. ఆ తర్వాత 'రేపు హైదరాబాదులో మీటింగు ఉంది' అనే వాక్యం వస్తుంది. తెలుగులో 'ఉంది' అని కనబడగానే 'ని' పెట్టేస్తారు. అది తప్పు. మీటింగు వస్తువు కాదు, జరిగేది. 'హైదెరబాదొ దె కైగి గ అరిమస్' అనాలి. 'ఉంది' స్థానంలో 'జరుగుతుంది' పెట్టి చూసి, వాక్యం నిలబడితే 'దె' వేసుకోండి. పెళ్ళి ఉంది, పరీక్ష ఉంది, క్రికెట్ మ్యాచ్ ఉంది, అన్నిటికీ ఈ పరీక్ష పనిచేస్తుంది.

క్రియను బట్టి విభక్తి మారే చోట్లు కొన్ని బట్టీ పట్టక తప్పదు. స్నేహితుణ్ని కలిశాను అన్నప్పుడు మనం ద్వితీయ వాడతాం, వాళ్ళు 'తొమొదచి ని అయిమషిత' అంటారు, 'ఒ' పెట్టరు. బస్సు ఎక్కాను అన్నప్పుడు మనకు విభక్తే ఉండదు, వాళ్ళకు 'బసు ని నొరిమషిత'. ఇలాంటివి విడిగా రాసిపెట్టుకుని, క్రియను ఎప్పుడూ దాని ప్రత్యయంతో కలిపే గుర్తుపెట్టుకోవాలి. 'అఉ' అని కాదు, 'ని అఉ' అని.

'ఉంది', 'లేదు', 'కాదు' దగ్గర తెలుగువాళ్ళకు ఒక అదృష్టం, ఒక దురదృష్టం. అదృష్టం ఏమిటంటే, కాదుకీ లేదుకీ తేడా మన రక్తంలో ఉంది. 'టీచరు కాదు' అంటే 'సెన్సే జ నై', 'డబ్బు లేదు' అంటే 'ఒకనె గ నై'. దురదృష్టం 'ఉంది'తో. ఇంట్లో అమ్మ ఉంది, కుక్క ఉంది, టీవీ ఉంది అని మనం ఒకే గాటన కట్టేస్తాం, నాన్న మాత్రం ఉన్నాడు. జపనీస్ మరో గీత గీస్తుంది: అమ్మ, నాన్న, కుక్క 'ఇరు', టీవీ 'అరు'. ప్రాణం ఉండి కదిలేది ఏదైనా 'ఇరు'. చెట్టు పెరుగుతుంది కానీ కదలదు కాబట్టి 'అరు'.

'వ', 'గ' అనే రెండు ప్రత్యయాల గురించి పేజీలకు పేజీలు రాస్తారు. తెలుగులో వీటికి సరిసమానమైనవి లేవు, అయినా మూడు పట్లు దొరుకుతాయి. ఎవరు, ఏది అని అడిగే మాటకు, దానికి వచ్చే జవాబుకు 'గ'. ఎవరొచ్చారు అంటే 'దరె గ', రాము వచ్చాడు అంటే 'రాము గ'. ప్రశ్న పదం మీద 'వ' పడదు. రెండో పట్టు 'ఐతే'. 'నేనైతే రాను' అన్నప్పుడు ఆ 'ఐతే'లో ఉండే వేరుచేయడమే 'వతషి వ ఇకిమసెన్'లో 'వ'కు ఉన్న ఒక పని. మూడోదే అన్నిటికంటే పనికొచ్చేది: తెలుగులో 'నాకు' అని మొదలై, లోపల మరో ప్రథమా విభక్తి ఉన్న వాక్యం దాదాపు ఎప్పుడూ 'వ ... గ' అవుతుంది. నాకు తలనొప్పిగా ఉంది: 'వతషి వ అతమ గ ఇతై'. నాకు నీళ్ళు కావాలి: 'వతషి వ మిజు గ హొషీ'. నాకు జపనీస్ అర్థమవుతుంది: 'వతషి వ నిహొన్‌గొ గ వకరు'. నాకు ఇద్దరు తమ్ముళ్ళు: 'వతషి వ ఒతోతొ గ ఫుతరి ఇమస్'. జపనీస్ వ్యాకరణం చెప్పేవాళ్ళంతా ఎత్తుకునే వాక్యం 'జో వ హన గ నగై', ఏనుగుకు తొండం పొడుగు. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాడికి ఒకే వాక్యంలో ఇద్దరు కర్తలేమిటని బుర్ర తిరుగుతుంది. మనకు 'కు' తీసి 'వ' పెట్టడమే పని. కాకపోతే 'నాకు' కదా అని 'వతషి ని' అని మొదలుపెడితే ఈ వాక్యాలన్నీ పాడవుతాయి.

ఈ తరహా వాక్యాలకే ఒక నిషేధం ఉంది. చలి, నొప్పి, కోరిక లాంటివి నా విషయంలోనే నేరుగా చెప్పగలను. 'ఆయనకు చలిగా ఉంది' అని తెలుగులో నిక్షేపంలా అంటాం. జపనీస్‌లో ఎదుటివాడి ఒంట్లోకి దూరి చెప్పినట్టు ఉంటుంది. 'కరె వ సముఇ' అనకుండా 'కరె వ సముగత్తె ఇరు', అంటే చలిపడుతున్నట్టు కనబడుతున్నాడు, అనాలి.

విభక్తులు కుదురుకున్నాక నేరుగా 'తె' రూపానికి వెళ్ళాలి. చాలా పుస్తకాల్లో ఇది ఆలస్యంగా వస్తుంది. తెలుగువాళ్ళు ముందుకు లాక్కోవచ్చు, ఎందుకంటే ఇది మన క్త్వార్థకమే. పొద్దున లేచి, పళ్ళు తోముకుని, టీ తాగి, ఆఫీసుకు వెళ్ళాను. 'అస ఒకితె, హ ఒ మిగైతె, ఒచ ఒ నొందె, కైష ఎ ఇకిమషిత'. ఒక్క ముక్క కూడా చోటు మారలేదు. కాలం, మర్యాద, వ్యతిరేకం అన్నీ చివరి క్రియ మీదే ఉంటాయి, మధ్యవాటికి ఏమీ ఉండదు. వాన పడి రోడ్లు తడిశాయి అన్నట్టు కారణం చెప్పడానికీ ఇదే రూపం. తబెతె తిని, తబెనగర తింటూ, తబెతర తింటే, తబెతెమొ తిన్నా: క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం వరసగా వచ్చేస్తాయి. పదో తరగతి తర్వాత ఆ పేర్లు ఎప్పుడైనా పనికొస్తాయని ఎవరనుకున్నారు?

రూపం తయారుచేయడంలో మాత్రం తెలుగు సాయం లేదు. పద సూత్రాలు నోటికి రావాల్సిందే. ఉ, త్సు, రు తో ముగిస్తే 'త్తె': కఉ కత్తె, మత్సు మత్తె, తొరు తొత్తె. ము, బు, ను తో ముగిస్తే 'ందె': యొము యొందె, అసొబు అసొందె. కు అయితే 'ఇతె', కకు కైతె. గు అయితే 'ఇదె', ఒయొగు ఒయొఇదె. సు అయితే 'షితె', హనసు హనషితె. ఇకు ఒక్కటి తప్పుకుని ఇత్తె అవుతుంది. తబెరు, మిరు లాంటివాటికి రు తీసి తె పెట్టడమే. తప్పులు ఎక్కువగా వచ్చేది చూడటానికి వీటిలా ఉండి నిజానికి మొదటి గుంపులో ఉన్న క్రియలతో: కఎరు కఎత్తె, హైరు హైత్తె, షిరు షిత్తె. 'కిరు' రెండు గుంపుల్లోనూ ఉంది. కోయడమైతే కిత్తె, తొడుక్కోవడమైతే కితె. వీటిని సూత్రంతో కాదు, జాబితాగా నేర్చుకోవాలి.

'తె' వెనక మరో క్రియ తగిలించడం దగ్గర తెలుగువాడు హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు. తిని చూడు: 'తబెతె మిరు', ఆ 'మిరు' నిజంగానే చూడటం. పట్టుకెళ్ళు 'మొత్తె ఇకు', పట్టుకురా 'మొత్తె కురు', కొనుక్కొచ్చాను 'కత్తె కిమషిత'. తినేశాను 'తబెతె షిమత్త', పడిపోయింది 'ఒచితె షిమత్త'. మనం సకర్మకానికి 'వేయు', అకర్మకానికి 'పోవు' పెడతాం, వాళ్ళకు రెండిటికీ 'షిమఉ' ఒక్కటే, అయ్యో అనే ఛాయ కొంచెం ఎక్కువ. ముందుగా కొని పెట్టు అంటే 'కత్తె ఒకు', అక్కడ 'ఒకు' కూడా అక్షరాలా పెట్టడమే. అయితే మన 'చేసి పెట్టు'కు రెండు అర్థాలు. రేపటికి పప్పు నానబెట్టి పెట్టు అన్నప్పుడు ముందస్తు ఏర్పాటు, అది 'తె ఒకు'. నాకు టీ చేసి పెట్టు అన్నప్పుడు ఉపకారం, అది 'తె కురెరు'. రెండో వరుసలో ఈ రెండిటినీ వేరుగా గుర్తించకపోతే టీ చేయించుకోబోయి టీ ముందే చేసి దాచమన్నట్టవుతుంది.

వ్యతిరేకంలో ఇంకో చిన్న చీలిక. తినకుండా వెళ్ళాడు అంటే 'తబెనైదె', తినక నీరసపడ్డాడు అంటే 'తబెనకుతె'. తెలుగులో 'కుండా' పెట్టగలిగితే మొదటిది, కారణంగా 'అక' వస్తే రెండోది.

ఇప్పుడు 'తె ఇరు'. ఎన్4 వరకు వచ్చినవాళ్ళు కూడా ఇక్కడే తడబడతారు. పుస్తకం దీన్ని 'చేస్తున్నాడు' అని పరిచయం చేస్తుంది. 'తబెతె ఇరు' తింటున్నాడు, 'యొందె ఇరు' చదువుతున్నాడు. బాగానే ఉంది. తర్వాత 'కెక్కొన్ షితె ఇమస్' వస్తుంది, దాన్ని 'పెళ్ళి చేసుకుంటున్నాను' అని చదువుతారు. నిజానికి 'నాకు పెళ్ళయింది' అని. 'షిందె ఇరు' అంటే చనిపోతున్నాడు కాదు, చనిపోయి ఉన్నాడు. 'కితె ఇమస్' అంటే వచ్చి ఉన్నాడు. తెలుగు ఇక్కడ రెండు రూపాలు వాడుతుంది: తింటూ ఉన్నాడు కలిసి తింటున్నాడు అయింది, వచ్చి ఉన్నాడు విడిగా ఉంది. జపనీస్ రెండిటికీ ఒకే రూపం వాడి, ఏ అర్థమో తేల్చే పని క్రియ స్వభావానికి వదిలేసింది. 1950లో హరుహికో కిందైచి అనే జపాన్ భాషావేత్త జపనీస్ క్రియలను నాలుగు రకాలుగా విడగొట్టింది ఈ రూపంతో అవి ఎలా ప్రవర్తిస్తాయో చూసే. మన పనికి రెండు రకాలు చాలు. కాసేపు సాగే పనా, క్షణంలో తెమిలిపోయే మార్పా? తినడం, రాయడం, పరిగెత్తడం సాగుతాయి. రావడం, చావడం, పడటం, తెరుచుకోవడం, పెళ్ళాడటం క్షణంలో అయిపోతాయి. రెండో రకం క్రియ 'తె ఇరు'లో కనబడితే '-ఇ ఉంది' అని చదవండి. 'మదొ గ అఇతె ఇరు' కిటికీ తెరిచి ఉంది. 'తెలుసు'కు కూడా ఇదే లెక్క: 'షిత్తె ఇమస్', అంటే తెలుసుకుని ఉన్నాను. కానీ తెలియదు అనడానికి 'షిరిమసెన్' అనే అంటారు, 'షిత్తె ఇమసెన్' అనరు.

పనిలో పనిగా మన 'వస్తున్నా' గురించి. ఫోన్లో 'ఇదిగో వస్తున్నా' అంటాం కదా. జపనీస్‌లో అది 'ఇమ ఇకిమస్', అంటే వెళ్తాను. వినేవాడి వైపు వెళ్తున్నా సరే, మాట్లాడేవాడు ఉన్న చోటి నుంచి దూరమయ్యేది ఏదైనా 'ఇకు'. మీ ఇంటికి రేపు వస్తానని చెప్పడానికి 'కిమస్' వాడితే, వినేవాడు ఎవరు ఎక్కడికి వస్తున్నారో అర్థం కాక ఆగిపోతాడు.

విశేషణ వాక్యాలు తెలుగువాడికి ఉచితంగా వచ్చిన ఆస్తి. 'రాము రాసిన పుస్తకం' 'రాము గ కైత హొన్'. రాసిన కైత, రాసే కకు, రాయని కకనై. క్రియను నామం ముందు పెట్టడమే, 'హూ', 'విచ్' లాంటి అతుకులు లేవు. ఇంకా ముచ్చటైనది 'చేపలు కాల్చే వాసన'. కాల్చేది వాసన కాదు, కాలేదీ వాసన కాదు, అయినా తెలుగులో ఇది నిలబడుతుంది. జపనీస్‌లోనూ నిలబడుతుంది, 'సకన ఒ యకు నిఒయి'. ఇంగ్లీషులో అలా కుదరదు. జాగ్రత్తపడాల్సినవి రెండే. లోపలి కర్తకు మామూలుగా 'వ' రాదు, 'గ' గానీ 'నొ' గానీ రావాలి. మన 'రాని బస్సు'కు కాలం లేదు, వాళ్ళకు ఉంది: ఇప్పటికైతే 'కొనై బసు', నిన్నటికైతే 'కొనకత్త బసు'.

ఎన్5, ఎన్4 పరీక్షల్లో వాక్యం కూర్చే ప్రశ్న ఉంటుంది. నాలుగు ఖాళీలు, నాలుగు ముక్కలు, ఒక ఖాళీలో నక్షత్రం గుర్తు. ముక్కల్ని సరైన వరసలో పెట్టి, నక్షత్రం ఉన్న చోటికి ఏ ముక్క వస్తుందో గుర్తించాలి. ఉదాహరణకు 'కొరె వ' అని మొదలై 'దెస్' అని ముగిసే వాక్యం, మూడో ఖాళీలో నక్షత్రం, ముక్కలు: 'కేకి', 'హహ గ', 'త్సుకుత్త', 'కినో'. ముక్కల్ని ముందు తెలుగులోకి మార్చండి: కేకు, మా అమ్మ, చేసిన, నిన్న. 'ఇది నిన్న మా అమ్మ చేసిన కేకు' అని నోరే చెప్పేస్తుంది. మూడోది 'త్సుకుత్త'. చివర్నుంచి ముందుకు కట్టుకు రావడం ఇంకా త్వరగా తెములుతుంది: 'దెస్' ముందు నామం రావాలి, అది కేకి. కేకి ముందు దాన్ని వర్ణించే క్రియ రావాలి, అది త్సుకుత్త. నక్షత్రం దొరికింది కాబట్టి మిగతా రెంటినీ పట్టించుకోనక్కర్లేదు.

'తొకి' దగ్గర కూడా తెలుగు అచ్చుగుద్దినట్టు ఉంటుంది. 'నిహొన్ ఎ ఇకు తొకి కైమషిత' జపాన్ వెళ్ళేటప్పుడు కొన్నాను, అంటే ఇంకా అక్కడికి చేరకముందే. 'ఇత్త తొకి' వెళ్ళినప్పుడు, అంటే చేరాక అక్కడ. లోపలి క్రియ కాలం బయటి క్రియతో పోల్చి చూసుకోవాలి, మాట్లాడే సమయంతో కాదు. మనం రోజూ చేసే పనే.

'అని' గురించి తీరిగ్గా చెప్పాలి. ఎదుటివాడి మాటను గానీ తలపును గానీ మూటగట్టి క్రియకు అందించే పని తెలుగులో 'అని'ది, జపనీస్‌లో 'తొ'ది. వాన పడుతుందని అనుకుంటున్నాను: 'అమె గ ఫురు తొ ఒమొఇమస్'. రాము అనే మనిషి: 'రాము తొ యూ హితొ', ఆ 'యూ' అంటే అనడమే కాబట్టి 'అనే' ముక్కకు ముక్క. శబ్దాలకూ ఇదే: ధబ్బుమని పడింది, 'దొసున్ తొ ఒచిత'. సందేహార్థంలో మన 'ఓ'కు వాళ్ళ 'క' జత. ఎవరో 'దరెక'. వస్తాడో రాడో తెలియదు, 'కురు క కొనై క వకరనై'. ఎవరూ 'దరెమొ'. ఇవి నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

తకరారు అంతా పురుష ప్రత్యయం పోవడంలో ఉంది. 'రాము వస్తానన్నాడు', 'రాము వస్తాడన్నాడు'. మనకు రెండు వేరు వేరు వార్తలు. మొదటిదాంట్లో వచ్చేది రామే, రెండోదాంట్లో ఇంకెవరో. జపనీస్‌లో రెండూ 'రాము వ కురు తొ ఈమషిత'. ఆ 'ను', 'డు' మోసిన బరువును మోయడానికి అక్కడ ఏమీ లేదు. మూడో వరుస రాసేటప్పుడు సున్నా చుట్టిన ప్రత్యయాన్ని ఒకసారి చూసి, వచ్చేది రాము కాకపోతే లోపలి కర్తను 'గ'తో పెట్టాలి: 'రాము వ షీత గ కురు తొ ఈమషిత'. రామే అయితే వదిలేయండి, వినేవాడు అలాగే తీసుకుంటాడు. చదివేటప్పుడు దీనికి తిరగేసి చేయాలి. 'తొ' ముందు వాక్యంలో కర్త లేకపోతే తెలుగులోకి 'వస్తానని' అని మార్చి చూసి, కథ పొసగకపోతేనే వేరేవాణ్ని వెతకాలి.

షరతు వాక్యాలు త్వరగా దాటేయొచ్చు. మన 'చేస్తే' పరిధి పెద్దది, వాళ్ళు దాన్ని నాలుగుగా పంచుకున్నారు. ఎటూ తోచకపోతే 'తర' వాడండి, అది తక్కువ తప్పులు తెస్తుంది. ఇంటికి వెళ్తే ఎవరూ లేరు అన్నట్టు జరిగిపోయినదానికి కూడా అదే సరిపోతుంది, 'ఉచి ఎ ఇత్తర దరెమొ ఇనకత్త'. షరతు చెప్పే 'తొ' రూపం ('అని'కి వాడే 'తొ' కాదు) వెనక ఆజ్ఞ, విన్నపం రావు. ఇంటికి చేరితే ఫోన్ చెయ్యి అనడానికి 'తొ' వాడితే పరీక్షలో కొట్టేస్తారు. 'అయితే', 'వెళ్ళేటట్టయితే' అని తెలుగులో వస్తే 'నర'.

మన క్రియ చివర పురుష ప్రత్యయం చేసే పనిలో కొంత జపనీస్‌లో ఇచ్చిపుచ్చుకునే క్రియలు చేస్తాయి. 'ఇచ్చాడు'కు ఒక్క మాట లేదు. అవతలివాడు నాకో మావాళ్ళకో ఇస్తే 'కురెరు'. నేను అవతలివాడికి ఇస్తే 'అగెరు'. 'తొమొదచి గ హొన్ ఒ కురెమషిత' అంటే చాలు, 'నాకు' అని చెప్పక్కర్లేదు, అది క్రియలోనే ఉంది. ఉపకారాలకూ ఇదే: చదివి పెట్టాడు 'యొందె కురెత'. క్రాఫు చేయించుకున్నాను 'కమి ఒ కిత్తె మొరత్త', మన 'చేయించుకొను' ఇక్కడ చక్కగా అతుకుతుంది. మీకు చేసి పెడతాను అని పై అధికారితో 'తె అగెమస్' అనకూడదు, ఉపకారం చాటుకున్నట్టుంటుంది. సంచి పట్టుకోనా అనడానికి 'ఒమొచి షిమషో క' అంటారు.

మర్యాద గురించి చెప్పేటప్పుడు 'గారు', 'సన్' ఒకటే అని అందరూ చెబుతారు. వాడే దిక్కు మాత్రం తిరగబడింది. మనం బయటివాళ్ళ ముందు 'మా నాన్నగారు వచ్చారండి' అంటాం, అలా అనకపోతేనే తప్పు. జపనీస్‌లో బయటివాళ్ళ ముందు మనవాళ్ళను తగ్గించి చెప్పాలి. ఎదుటివాళ్ళ నాన్న 'ఒతోసన్', మన నాన్న 'చిచి'. ఆఫీసు కూడా ఇల్లే. శ్రీసిటీలోనో హైదరాబాదులోనో జపాన్ కంపెనీలో పనిచేసేవాళ్ళకు ఇది మొదటి ఫోన్ కాల్ నాడే ఎదురవుతుంది. బయటి కంపెనీ నుంచి మేనేజరు తనకగారి కోసం ఎవరో అడుగుతారు. నోట్లోకి 'సార్ లేరండి' వస్తుంది, దాన్ని మార్చితే 'తనకసన్ వ ఇరష్షైమసెన్' అవుతుంది. వ్యాకరణం శుద్ధంగానే ఉంది, ఫోన్ అవతల మాత్రం నవ్వుకుంటారు. 'సన్' తీసేసి, మర్యాద క్రియ బదులు తగ్గించి చెప్పే క్రియ పెట్టి, 'తనక వ ఇమ ఒరిమసెన్' అనాలి. అదే తనకగారి భార్య ఫోన్ చేస్తే ఆవిడ ఆయన ఇంటి మనిషి కాబట్టి మళ్ళీ 'తనకసన్' అనాలి, క్రియ కూడా 'ఇరష్షైమసెన్' కావాలి. ఈ రెండు వాక్యాలూ కాగితం మీద రాసి ఫోన్ పక్కన అతికించుకోండి.